ఆకలి ఏట మొదలైన దడ

నాకు ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పుడు మా బడికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. రాజోలుకి నాలుగు మైళ్ళ అవతల, పంటకాలువ గట్టు మీద ఉండేది ఆ బడి. రెండు గదులు, ముందొక తాటాకు పంచ. మా మాస్టారు పొద్దున్నే అందరి గోళ్ళూ చూసి, జుట్లు దువ్వించి, వరసగా కూర్చోబెట్టారు. పదమూడో ఎక్కం ఎవరు చెబుతారని ఇన్‌స్పెక్టరుగారు అడిగీ అడగకముందే మాస్టారు నన్ను లేపి నిలబెట్టారు. ఆ తరగతిలో ఎక్కాలు నాకంటే బాగా వచ్చినవాళ్ళు లేరు మరి. పందొమ్మిదో ఎక్కం చివర్నుంచి మొదటికి కూడా అప్పజెప్పగలను.

నిలబడ్డాను. నోరు పెగల్లేదు. చెవుల్లో హోరు మొదలైంది. అరచేతులు తడిసిపోతే పావడాకి తుడుచుకున్నాను, మళ్ళీ తడిశాయి. ఇన్‌స్పెక్టరుగారు కసిరే మనిషి కాదు. “పరవాలేదమ్మా, కూర్చో,” అని నా పక్క పిల్లని అడిగారు. మధ్యాహ్నం గంట కొట్టకముందే సైకిలెక్కి వెళ్ళిపోయారు.

పిల్లలన్నాక ఆ మాత్రం బెదురు ఎవరికైనా ఉంటుంది. నాకు తేడా ఆ తర్వాత వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళగానే మిగతా పిల్లలంతా ఆ సంగతి మరిచిపోయి గచ్చకాయలాటలో పడ్డారు. నాకు మాత్రం గుండె దడదడలాడుతూనే ఉంది. అన్నం సయించలేదు. ఇంటికి వచ్చి చాప మీద పడుకుంటే దడ చాపలోకి దిగి తిరిగి నా వీపుకే తగులుతున్నట్టు ఉండేది. దీపాలు పెట్టే వేళకి కాస్త నెమ్మదించింది. భయం వచ్చి వెళ్ళిపోయినా, ఒళ్ళు దాన్ని వదలడానికి పూటంతా పట్టింది.

చిన్నతనమంతా అలాగే గడిచింది. కుక్క మొరిగినా, రేవులో ఎవరైనా గట్టిగా కేకేసినా, మలికిపురం బస్సు వెనక నుంచి హారన్ కొట్టినా, నా గుండె ఎగిరిపడేది. ఎగిరిపడ్డది ఒక పట్టాన దిగేది కాదు. పేటలో నన్ను బెదురుపిల్ల అనేవారు. అందులో ఎగతాళి లేదు. ఒకరిని పొట్టమ్మాయి అన్నట్టు, ఇంకొకరిని తెల్లమ్మాయి అన్నట్టు, గుర్తు కోసం అనేవారు, అంతే.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. అదే ఇల్లు, అదే అమ్మ. కానీ అక్క గుండె వేరు. ఒకసారి కాలువ మీద వేసిన కొబ్బరిమాను మీంచి జారి, పుస్తకాల సంచితో సహా నీళ్ళలో పడింది. తనే ఒడ్డు పట్టుకుని పైకి వచ్చింది. పావడా పిండుకుంది. “పలక మునిగిపోయిందే,” అని నవ్వింది. ఒడ్డున నిలబడి చూసిన నేను మాత్రం బళ్ళో మధ్యాహ్నం దాకా వణికాను. నీళ్ళలో పడింది తను, వణికింది నేను. మేము పెద్దయ్యాక కూడా మా నాన్న ఈ మాట చెప్పి నవ్వేవారు.

నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. రోజుకి ఇరవై ముప్ఫై చెట్లు ఎక్కి కాయలు దింపేవారు. అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది, పనుల్లేని రోజుల్లో పీచు తాడు పేనేది. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. నా బెదురు పోవాలని అమ్మ ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద ప్రార్థన చేసేది. మంత్రం వేయించమని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. పక్కింటామె మిరపకాయలూ ఉప్పూ తెచ్చి దిష్టి తీస్తానంటే మాత్రం వద్దనేది కాదు. “ఆవిడ సరదా ఆవిడది,” అనేది.

పదో తరగతి పరీక్షల్లో మొదటి రోజు తెలుగు పేపరు ఇచ్చారు. గంట కొట్టాక దాదాపు గంటసేపు నా కలం కదల్లేదు. ప్రశ్నలు చదువుతున్నాను, అర్థమవుతున్నాయి, జవాబులు తెలుసు, చెయ్యి మాత్రం నా మాట వినలేదు. తెలుగులో తప్పాను. సెప్టెంబరులో మళ్ళీ రాసి గట్టెక్కాను. ఈలోగా నాలో నేను ఒక తీర్మానం చేసుకున్నాను. నేను పిరికిదాన్ని. ఇలా పుట్టాను, ఇలాగే ఉంటాను. పదిహేడేళ్ళ పిల్లకి ఆ తీర్మానం ఎంత బరువో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది. అప్పుడు మాత్రం అది చొక్కా రంగులాగా మామూలు సంగతే అనిపించింది.

నర్సు ట్రైనింగుకి వెళ్ళమన్నది మా చర్చి పాస్టరుగారి భార్య. ఆవిడని మేము అమ్మగారు అనేవాళ్ళం. కోనసీమలోనే ఒక పాత ఆసుపత్రి ఉంది, అక్కడ ఊళ్ళ మీద పనిచేసే నర్సులకి రెండేళ్ళ చదువు చెబుతారు, భోజనం, బస వాళ్ళే ఇస్తారు అని దరఖాస్తు ఆవిడే రాయించారు. “రక్తం చూస్తే ఇది నిలబడుద్దాండీ?” అని అమ్మ సందేహపడింది. “నిలబడకపోతే ఇంటికొచ్చేస్తదిలెండి,” అన్నారు అమ్మగారు. అలా డెబ్బయిల చివర్లో ఒక రేకు పెట్టె, రెండు చీరలతో ఆ ఆసుపత్రికి చేరాను.

రక్తం చూసి నేను పడిపోలేదు. అదీ విచిత్రం. పనిలో ఉన్నంతసేపూ నా చేతులు బాగానే కదిలేవి. అందరికంటే ముందు నాకే ప్రమాదం వాసన తగిలేది కూడా. ఒకనాటి పొద్దున్న కాన్పు గదిలో ఒకామెకి బిడ్డ పుట్టాక నెత్తురు ఆగలేదు. మొదట గమనించి పిలిచింది నేనే. డాక్టరమ్మగారు పరుగున వచ్చారు. ఏం అందించమంటే అది అందించాను, ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కాను. పది గంటలకల్లా ఆమె గట్టెక్కింది. తోటి అమ్మాయిలు చేతులు కడుక్కుని, టీ తాగుతూ, అప్పుడే ఆ సంగతి ఒకరికొకరు నవ్వుతూ చెప్పుకుంటున్నారు.

సాయంత్రం నాలుగింటికి నేను రిజిస్టరు రాస్తున్నాను. డాక్టరమ్మగారు అటు వెళుతూ ఆగారు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నేత చీర, మగవాళ్ళ చేతిగడియారం, పంచదార లేని కాఫీ. వేగంగా నడిచేవారు, నెమ్మదిగా మాట్లాడేవారు.

“ఎవరైనా ఏమైనా అన్నారా?” అని అడిగారు.

“లేదండి.”

“మరి అక్షరాలు అలా వంకర పోతున్నాయేం?”

చూసుకుంటే నిజంగానే నా చెయ్యి వణుకుతోంది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని నా నాడి పట్టుకుని గడియారం చూశారు. “ఎప్పట్నుంచి ఇలా ఉంది?”

“పొద్దున్న కేసు నుంచండి.”

“మధ్యాహ్నం తిన్నావా?”

“సయించలేదండి. నాకు ఎప్పుడూ ఇంతేనండి. నేను కొంచెం పిరికిదాన్నండి.”

ఆవిడ నా చెయ్యి వదిలి లేచారు. కానీ ఆ తర్వాత ఓ నెల్లాళ్ళు, కష్టమైన కేసు ఏది జరిగినా, అయ్యాక నా నాడీ, నాతో పనిచేసిన మరో అమ్మాయి నాడీ చూసి ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవారు. ఆ అమ్మాయిది టీ తాగేలోపు మామూలుకి వచ్చేది. నాది సాయంత్రమైనా రాదు. ఒకరోజు ఆ పుస్తకం మూసి నన్ను అడిగారు.

“నువ్వు పుట్టిన కొత్తలో మీ ఇంట్లో తిండికి ఎలా ఉండేది?”

“తెలీదండి. ఎప్పుడూ చెప్పుకోలేదండి.”

“ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మని అడుగు. గుచ్చి గుచ్చి అడక్కు. ఆవిడ ఎంత చెబితే అంత విను.”

క్రిస్మస్ సెలవులకి వెళ్ళాను. అమ్మ పెరట్లో పీట వేసుకుని బొమ్మిడాయిలు శుభ్రం చేస్తోంది. నేను బూడిద అందిస్తూ పక్కన కూర్చున్నాను.

“అమ్మా, నేను పుట్టినప్పుడు ఎలా ఉండేదాన్ని?”

“పుట్టినప్పుడు బానే ఉన్నావు. బొద్దుగా ఉన్నావు. తర్వాతే.” అమ్మ చెయ్యి కాసేపు ఆగింది. “ఇప్పుడెందుకే?”

“ఆసుపత్రిలో రాసుకుంటారంట. మా అందరివీ అడిగేరు.” అది అబద్ధం.

అప్పుడు చెప్పింది. నాకు నాలుగో నెలలో కాలువకి గండి పడి చేలు మునిగిపోయాయట. తర్వాత పంట కూడా చేతికి రాలేదు. ఊళ్ళో పనుల్లేవు. నాన్న మెట్ట ప్రాంతానికి పనికి వెళ్ళి ఆర్నెల్లు రాలేదు. అదే సమయంలో అమ్మకి కామెర్లు వచ్చాయి.

“పాలు ఎండిపోయేయి. నీకేం పట్టమంటావు. గంజినీళ్ళే పట్టేను. ఒకళ్ళింట్లో మేకుండేది, వాళ్ళు పోస్తే ఆ రోజు పాలు. లేకపోతే గంజే. అక్కకి మూడేళ్ళు దాటేయి కాబట్టి అది తేగలో, చిలగడదుంపో, ఏదో ఒకటి నవిలేది. నీకు పళ్ళు కూడా లేవు.”

నేను ఇంకో గుప్పెడు బూడిద అందించాను.

“ఏడాది దాటేక నీ కాళ్ళు, బుగ్గలు నిండేయి. పిల్ల ఒళ్ళు చేసిందన్నారందరూ. నేనూ అలాగే అనుకున్నాను. దేవుడు దయదలిచేడు అనుకున్నాను. జుట్టు మాత్రం రాగి చెంబు రంగులోకి వచ్చింది. ఓ రోజు మన అమ్మగారు చూసి, నీ పాదం మీద వేలితో నొక్కేరు. గుంట పడింది. అది పైకి రాలేదు. ‘ఇది ఒళ్ళు కాదు, వాపు. ఇవాళే తీసుకెళ్ళు’ అన్నారు. ఎత్తుకుని రేవు దాటి నడిచేను.”

“ఏ ఆసుపత్రికి?”

“ఇప్పుడు నువ్వున్నదానికే. అప్పుడు పెంకుటిల్లు అది. నెలా పదిహేను రోజులున్నాం.” అమ్మ చేపని తిప్పి మళ్ళీ రుద్దసాగింది. “నువ్వు ఏడ్చేదానివి కాదు. అదే నాకు భయమేసేది. ఆకలేసినా ఏడవ్వు. ఎవరు తలుపు తీసినా కళ్ళు ఇంతేసి చేసుకుని చూసేదానివి.”

సెలవులు అయ్యాక డాక్టరమ్మగారికి అంతా చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ విన్నారు. తర్వాత చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే ఆవిడ వాటిని నాలాంటి దానికి అర్థమయ్యేలా వెతుక్కుని చెప్పారు.

“ప్రమాదం వస్తే మనిషి ఒంట్లో కొన్ని రసాలు ఊరుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కళ్ళు చురుగ్గా చూస్తాయి. అది మంచిదే. ప్రమాదం దాటాక ‘ఇక చాలు’ అని మెదడే చెప్పి ఆపాలి. ఆ చెప్పే భాగం పసితనంలో పెరుగుతుంది. సరిగ్గా ఆ వయసులో నీకు తిండి లేదు. అన్నం లేని బిడ్డకి ప్రతి పూటా ప్రమాదమే కదా. నీ ఒళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉండటం నేర్చుకుంది. చాలు అని చెప్పడం గట్టిగా నేర్చుకోలేదు. అందుకే అందరికీ టీ తాగేలోపు తగ్గేది నీకు సాయంత్రం దాకా తగ్గదు. రోజూ ఏదో ఒక ఒత్తిడి ఉంటే నువ్వు మిగతావాళ్ళకంటే ముందు అలిసిపోతావు.”

“ఖాయంగా ఇదేనాండీ?”

“నీ విషయంలో ఇదే కారణమని నేను ప్రమాణం చెయ్యలేను. పెద్ద పెద్ద వాళ్ళు ఇంకా చదువుతున్నారు దీని మీద. కానీ ఇలాంటి పిల్లల్ని నేను పాతికేళ్ళుగా చూస్తున్నాను. ఇది పిరికితనం కాదు. తెలివి తక్కువా కాదు. ఆ రోజు నెత్తురు చూసి ముందు పిలిచింది ఎవరు?”

“తగ్గుతుందాండీ?”

“పూర్తిగా పోతుందని చెప్పను. వేళకి తిను. సయించకపోయినా నాలుగు ముద్దలు తిను. వేళకి పడుకో. ఏం జరగబోతోందో ముందే తెలుసుకుని పనిలో దిగు. పెద్దయ్యాక కూడా మెదడు కొంత నేర్చుకుంటుంది. పసితనంలో అంత త్వరగా కాదు, అంతే.”

నేను వెనక వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. మొదట నవ్వు వచ్చింది. ఇన్నేళ్ళూ మోసిన ‘పిరికిదాన్ని’ అనే మాట నాది కాదన్నమాట. తర్వాత ఏడుపు వచ్చింది. నా కోసం కాదు, తలుపు తీస్తే కళ్ళు ఇంతేసి చేసుకుని చూసిన ఆ పసిదాని కోసం. అది నేనే అని తెలిసినా, ఎవరో వేరే పిల్ల అన్నట్టే జాలి వేసింది.

వారం తిరక్కుండా డాక్టరమ్మగారు నన్ను పిల్లల గదిలో వేశారు. చిక్కిపోయిన, వాచిపోయిన పసివాళ్ళని ఉంచి తిండి పెట్టే గది అది. ఆరు మంచాలు ఉండేవి. బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన పిండిని బెల్లంతో ఉడికించి, పైన రెండు చెంచాల కొబ్బరినూనె వేసి పెట్టేవాళ్ళం. మొదట్లో పలచగా, కొద్దికొద్దిగా, రెండేసి గంటలకోసారి. ఒక్కసారిగా ఎక్కువ పెడితే ఆ పిల్లలు తట్టుకోలేరు.

అక్కడ నాకు అప్పగించిన మొదటి బిడ్డ పధ్నాలుగు నెలల ఆడపిల్ల. సముద్రం వైపు ఊరు వాళ్ళది. తల్లి మళ్ళీ నెలలు నిండి ఉండటంతో పిల్లని అమ్మమ్మ తీసుకొచ్చింది. పాదాలు వాపు, జుట్టు ఎర్రగా, పలచగా. ఏడుపు లేదు. నేను గదిలోకి వెళితే చాలు, ఆ పిల్ల ఒళ్ళంతా బిగదీసుకునేది. మిగతావాళ్ళు ఒద్దికగా ఉందే అనుకున్నారు. నాకు మాత్రం ఆ బిగదీసుకోవడం తెలుసు.

అందుకని ముట్టుకునే ముందు మాట్లాడేదాన్ని. “ఇదిగో బంగారం, వస్తున్నాను. చెయ్యి పట్టుకుంటున్నాను. ఇప్పుడు తూకం వేస్తాను.” చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుని ఎత్తుకునేదాన్ని. అదే మనిషి, అదే వేళ, అదే మాట ఉండాలని వార్డు సిస్టరుగారిని అడిగి పొద్దుటి పని అంతా నేనే పెట్టించుకున్నాను. పసిదానితో తూకం సంగతి మాట్లాడుతోందని తోటి అమ్మాయిలు నవ్వారు.

మొదటి వారం ఆ పిల్ల బరువు తగ్గింది. అమ్మమ్మ హడలిపోయింది.

“ఇంట్లో ఉన్నప్పటికంటే చిక్కిపోయిందండి. తీసుకెళ్ళిపోతానండి.”

“మామ్మగారూ, తగ్గింది ఒళ్ళు కాదండి, వాపండి. లోపలి నీరు పోతోంది. ఇప్పుడు కనబడేదే పిల్ల అసలు ఒళ్ళు. ఇంకో వారం ఉండండి.”

“మీకెలా తెలుసండి?”

“నేనూ ఇలాగే ఉండేదాన్నండి. ఈ ఆసుపత్రిలోనే.”

ఆవిడ నన్ను కాళ్ళ నుంచి తల దాకా ఒకసారి చూసింది. “ఆయ్,” అని మళ్ళీ మంచం మీద కూర్చుంది. అప్పటిదాకా ఆ సంగతి నేను బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. చెప్పాక సిగ్గేమీ వెయ్యలేదు.

అయితే ఒక చిక్కు మిగిలింది. పిల్ల చెంచా చూస్తే మూతి బిగించేది. బలవంతంగా పెడితే కక్కేది. అలా కుస్తీ పడుతున్న రోజుల్లోనే మా అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. అరటిపళ్ళూ, ఒక సీసాడు మాగాయ ముక్కలూ తెచ్చింది. నేను పనిలో ఉన్నానని ఎవరో చెబితే నేరుగా పిల్లల గదికి వచ్చేసింది. గుమ్మంలో ఆగిపోయింది. గోడలు మారాయి, మంచాలు మారాయి, అయినా ఆ గది ఏమిటో ఆవిడకి తెలిసిపోయింది.

“ఆ రోజు ఆసుపత్రిలో రాసుకోడానికి అన్నావు,” అంది నెమ్మదిగా. “నిజం చెప్పు. ఎందుకడిగేవు?”

దాచాలనిపించలేదు. దడ సంగతి, డాక్టరమ్మగారు చెప్పిన సంగతి, నాకు వచ్చినంతలో చెప్పాను. అమ్మ అంతా విని, కొంగు వేలికి చుట్టుకుంటూ, “అయితే నా వల్లే కదా,” అంది.

ఆ మాట వస్తుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. వచ్చాక జవాబు సులువుగానే దొరికింది. “నీ వల్ల నేను బతికేనే అమ్మా. కామెర్ల నుంచి లేచిన ఒంటితో నన్నెత్తుకుని రేవు దాటేవు. ఆ ఏడు ఇంకో మనిషైతే నడవగలదా? డాక్టరమ్మగారు కూడా అదే అన్నారు.” ఆవిడ నిజంగానే అన్నారు, కాకపోతే ఇంత పొడుగ్గా కాదు.

 మా పక్కనే ఆ పిల్ల అమ్మమ్మ చెంచాతో తంటాలు పడుతోంది. అమ్మ కాసేపు చూసి, కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చింది. “ఇలా ఇవ్వండి పిన్నిగారూ,” అని గిన్నె అందుకుంది. గట్టిగా ఉన్న అడుగు పిండి వేళ్ళతో తీసి, బఠాణీ గింజంత ముద్ద చేసి, పిల్ల నోటికి కాక పెదవి మీద పెట్టి ఊరుకుంది. పిల్ల నాలుకతో లాక్కుంది. ఇంకో ముద్ద. ఇంకోటి.

“నువ్వూ ఇంతే. చెంచా అంటే నీకు పడేది కాదు. చల్లగా తగులుద్ది కదా,” అంది నాతో, పిల్ల మీంచి కళ్ళు తిప్పకుండా.

మర్నాటి నుంచి చెంచా ఒప్పుకోని పిల్లలకి చేత్తో పెట్టవచ్చని, పెట్టేవాళ్ళు సబ్బుతో కడుక్కోవాలని డాక్టరమ్మగారు చెప్పారు. ఇది మా అమ్మ చలవేనని ఆవిడకి చెబితే, “మీ అమ్మగారిని ఇంకో రెండు రోజులు ఉండమను,” అన్నారు. అమ్మ నాలుగు రోజులు ఉంది. వెళ్ళేటప్పుడు ఆవిడ నడకలో ఏదో తేలిక కనిపించింది. నాకు అలా అనిపించిందో, నిజమో.

పదహారో రోజు పొద్దున్న ఆ పిల్ల ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు, గిన్నె రావడం ఆలస్యమైందని గది ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. అమ్మమ్మ కంగారుపడి, “ఊరుకోవే, ఏవనుకుంటారు,” అని నోరు మూయబోయింది.

“ఏడవనివ్వండి మామ్మగారూ,” అన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే అన్నం వస్తుందని ఆ పిల్లకి నమ్మకం కుదిరింది. అడగడం నేర్చుకుంది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆ పిల్ల మమ్మల్ని ప్రశాంతంగా ఉండనివ్వలేదు, పంపించే రోజుకి మా అందరి మీదా పెత్తనం చెయ్యడం మొదలుపెట్టింది.

ట్రైనింగు అయ్యాక నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. కొత్తపేట వైపు మూడు ఊళ్ళు నా కింద ఉండేవి. ఎనభైల మొదట్లో పెళ్ళయింది. మా ఆయన కాలువ మీద లస్కరు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం ఆయన పని. తొందర అనేది తెలియని మనిషి. పెళ్ళయిన నెలకి ఒకరోజు చెప్పాపెట్టకుండా ఏడుగురు చుట్టాల్ని భోజనానికి తెచ్చారు. అందరికీ వండిపెట్టాను, నవ్వుతూనే వడ్డించాను. వాళ్ళు వెళ్ళాక చేతులు వణుకుతుంటే ఆయన చూశారు. చెప్పాను, మొదటి నుంచీ.

ఆయన అంతా విని, “అంటే నీకు ముందు చెబితే చాలన్నమాట,” అన్నారు.

“చాలు అని కాదండి. కొంత నయం.”

ఆ రోజు నుంచి ఆయన చెప్పని సంగతి లేదు. వచ్చే ఆదివారం వాళ్ళ అన్నయ్యగారు వస్తారని బుధవారం చెప్పేవారు, గురువారం గుర్తు చేసేవారు, శుక్రవారం ఎంతమందో చెప్పేవారు. “ఇప్పుడు తలుపు గట్టిగా వేస్తున్నానండోయ్,” అని తలుపు వేసేవారు. కొన్నాళ్ళకి నాకే నవ్వొచ్చి, తలుపుల సంగతి వదిలెయ్యమన్నాను. నాకు కొడుకు పుట్టినప్పుడు మా అమ్మ వచ్చి ఏడాది ఉంది. వాడికి ఒక పూట ఆలస్యంగా పెట్టనిచ్చేది కాదు. నన్నైతే అసలే. “ముందు నువ్వు తిను. నీ తర్వాతే వాడు,” అని పళ్ళెం నా ఒళ్ళో పెట్టేది.

ఎనభైల నడుమ ఒక ఏడు గోదావరి బాగా పెరిగింది. జొన్నాడ, రావులపాలెం వైపు నుంచి వచ్చే బస్సులు ఆగిపోయాయి. మా మూడు ఊళ్ళలోనూ ఏటి మధ్య లంకల మీద ఉన్నవాళ్ళని పడవల మీద తెచ్చి ఎత్తు మీదున్న కల్యాణమండపంలో పెట్టారు. మూడు రోజులు అక్కడే ఉన్నాను. నీళ్ళలో మందు కలపడం, విరేచనాలు పట్టుకున్న పిల్లలకి ఉప్పూ పంచదార నీళ్ళు పట్టించడం, అక్కడికక్కడే ఒక కాన్పు. వండేవాళ్ళకి ఒక్కటే చెప్పాను, ఆలస్యమైతే పెద్దవాళ్ళకి కానివ్వండి, చంటిపిల్లలకి మాత్రం వేళ తప్పకూడదని. వాళ్ళు వేరే పొయ్యి పెట్టి గంజిలో పప్పు కలిపి కాచారు.

ఆ కాన్పు మొదలైనప్పుడు ఒక ముసలాయన, “ఏమ్మా, నీకు భయం వెయ్యట్లేదా?” అని అడిగాడు.

“వేస్తోంది తాతగారూ. మీరు ఆ దుప్పటి అడ్డం పట్టుకోండి,” అన్నాను.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. నాలుగో రోజు నీరు తీసింది. మాపైన ఉన్న డాక్టరుగారు జీపులో వచ్చారు. కుర్రవాడు, ఆ ఏడే చేరినవాడు. రిజిస్టరు చూసి సంతోషించి, మధ్యాహ్నం పక్క ఊరికి రమ్మన్నారు. పాత రోజులైతే ఆయ్ అని వెళ్ళిపోయి, వారం రోజులు తిండీ నిద్రా లేక తిరిగేదాన్ని.

“ఇవాళ రానండి,” అన్నాను. “రేపు మధ్యాహ్నం నుంచి వస్తానండి. నాకు ఇలాంటి పని తర్వాత ఒళ్ళు కుదుటపడటానికి ఒక పూట పడుతుందండి. ఆ పూట ఇస్తే నెలంతా పనిచేస్తాను. ఇవ్వకపోతే వారానికే పడిపోతానండి.”

ఆయన నన్ను కొంచెం ఆశ్చర్యంగా చూశారు. ఎందుకని అడిగితే చెబుదామనుకున్నాను. అడగలేదు. “అలాగేనండి, రేపు రండి,” అన్నారు.

ఇంటికి వచ్చి వేణ్ణీళ్ళు పోసుకున్నాను. వరదకి ముందు మావాణ్ణి చూడటానికి వచ్చి ఉండిపోయిన అమ్మ వేడి అన్నంలో కందిపచ్చడి, నెయ్యి కలిపి పెట్టింది. ముందు సయించలేదు, నాలుగో ముద్దకి ఆకలి తెలిసింది. గుండె కొట్టుకుంటూనే ఉంది, కొట్టుకోనీ అనుకున్నాను. అరుగు మీద పడుకున్నాను. మా ఆయన గట్టు మీంచి బురద కాళ్ళతో వచ్చి, నేను నిద్రపోతున్నానో లేదో తెలియక, “కాళ్ళు కడుక్కోడానికి వెళుతున్నాను,” అని మెల్లగా చెప్పి వెళ్ళారు. దొడ్లో తడిసిన పీచు ఆరబెట్టిన వాసన వస్తోంది. మావాడు అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని ఇంకో ముద్ద కావాలని గట్టిగా అరుస్తున్నాడు. ఆ అరుపు వింటూ ఎప్పుడు నిద్రపట్టిందో తెలియలేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని, పెట్టె సర్దుకుని పక్క ఊరికి వెళ్ళాను.